బి కేటగిరీ ఎంబీబీఎస్ సీటుకు 65 లక్షల అప్పు: ఉద్యోగి కుటుంబం మోయగలదా?

ప్రశ్న: పల్నాటి మాస్టారు

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడాది నీట్ రాసింది. వచ్చిన మార్కులకు కన్వీనర్ కోటాలో, అంటే తక్కువ ఫీజుతో ఇచ్చే సీట్లలో, సీటు రాదని తేలిపోయింది. అయితే విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం జరిపే కౌన్సెలింగ్‌లో మేనేజ్‌మెంట్ కోటా కింద, అంటే బి కేటగిరీలో, ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో సీటు దొరికే అవకాశం ఉందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ప్రైవేటు కాలేజీలో సగం సీట్లు కన్వీనర్ కోటావి, 35 శాతం బి కేటగిరీవి, మిగిలిన 15 శాతం ఎన్నారై కోటావి. కన్వీనర్ కోటాలో చేరిన విద్యార్థికి మన రాష్ట్రంలో ఏడాది ఫీజు 16,500 రూపాయలు కాగా, అదే గదిలో అదే పాఠం వినే బి కేటగిరీ విద్యార్థికి 13 లక్షల పైచిలుకు. ఎన్నారై కోటా సంగతి మాలాంటి వాళ్లు మాట్లాడుకోవలసింది కాదు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. వయసు 54. కోతలు పోను నెలకు 85 వేలు చేతికి వస్తుంది. నరసరావుపేటలో సొంత ఇల్లు, ఊళ్లో రెండెకరాల మాగాణి ఉన్నాయి. అబ్బాయి ఇంకా పదో తరగతిలోనే ఉన్నాడు. ఇంట్లో మూడు దారుల గురించి చర్చ నడుస్తోంది. మొదటిది, ఇల్లు తనఖా పెట్టి బ్యాంకు విద్యారుణం తీసుకుని బి కేటగిరీలో చేర్చడం. రెండోది, మొత్తం 30 లక్షల్లో అయిపోతుందని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్న కిర్గిజ్‌స్తాన్‌కో జార్జియాకో పంపడం. మూడోది, లాంగ్ టర్మ్ కోచింగ్‌లో మరో ఏడాది కూర్చోబెట్టడం. బంధువులందరూ ముక్తకంఠంతో చెప్పే మాట ఒక్కటే: “డాక్టరైన పిల్లకు అప్పు ఒక లెక్కా?” ఆ లెక్క ఏమిటో ఎవరూ వేసి చూపించడం లేదు. బ్యాంకు వ్యవహారాలు తెలిసినవారు, ఈ దారుల్లో నడిచినవారు దయచేసి మొహమాటం లేకుండా చెప్పగలరు.

సమాధానం: పాత లెడ్జర్

మాస్టారూ, నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేశాను. చివరి కొన్నేళ్లు రుణాల విభాగంలోనే ఉన్నాను కనుక, మీ బంధువులు వేయని లెక్క నేను వేస్తాను.

ఏడాదికి 13 లక్షల చొప్పున ఐదేళ్ల ఫీజు 65 లక్షలు. హాస్టలు, భోజనం, పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఇందులో లేవు. మొత్తం అప్పే అనుకుందాం. వడ్డీ పది శాతం అనుకుందాం. ఎంబీబీఎస్ చదువు నాలుగున్నర ఏళ్లు, హౌస్ సర్జన్సీ ఒక ఏడాది, ఆ తర్వాత బ్యాంకు ఇచ్చే గడువు ఇంకొక ఏడాది, వెరసి ఆరున్నర ఏళ్లు వాయిదా కట్టనక్కర్లేదు. ఈ వెసులుబాటునే మారటోరియం అంటారు. చాలామంది తల్లిదండ్రులు ఈ కాలంలో వడ్డీ కూడా ఆగిపోతుందనుకుంటారు, కానీ వడ్డీ ఆగదు. బారువడ్డీ లెక్కన పెరుగుతూ చివర్లో అసలులో కలుస్తుంది. మొదటి ఏడాది తీసుకున్న 13 లక్షల మీద ఆరున్నర ఏళ్లు, రెండో ఏడాది సొమ్ము మీద ఐదున్నర ఏళ్లు, అలా చివరి విడత మీద రెండున్నర ఏళ్లు వడ్డీ పడుతుంది. మొత్తం కూడితే 29 లక్షల పాతికవేలు. అంటే మీ అమ్మాయి మొదటి వాయిదా కట్టే రోజుకు బాకీ 94 లక్షలు దాటి ఉంటుంది. దానిని 15 ఏళ్లలో తీర్చాలంటే నెలవాయిదా లక్షా వెయ్యి రూపాయల పైన. 15 ఏళ్లూ క్రమం తప్పకుండా కడితే బ్యాంకుకు చేరే మొత్తం కోటీ 82 లక్షలు.

ఇప్పుడు మీ వయసు చూడండి. మొదటి వాయిదా వచ్చేసరికి మీకు అరవై దాటుతుంది, మరో ఏడాదిన్నరకు పదవీ విరమణ. సహ రుణగ్రహీతగా సంతకం పెట్టేది మీరే కనుక, వాయిదా తప్పితే అమ్మాయి సిబిల్ స్కోరుతో (అప్పులు ఎలా తీరుస్తున్నారో బ్యాంకులకు చెప్పే అంకె) పాటు మీ స్కోరు కూడా పడిపోతుంది. అబ్బాయి చదువుకు అప్పు కావలసి వచ్చే సమయానికి అది మీ చేతులు కట్టేస్తుంది.

తనఖా విషయం. బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకం ప్రకారం ఏడున్నర లక్షల దాకా ఆస్తి తనఖా అడగరు, ఆ పైన అయితే అది కావాలి. మీ మాగాణిని సాధారణంగా బ్యాంకు ఒప్పుకోదు, ఎందుకంటే బాకీదారు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునేందుకు బ్యాంకులకు వీలిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. కనుక మిగిలేది ఇల్లే. దానికి ఆమోదం పొందిన ప్లాను, లింకు దస్తావేజులు (పాత యజమానుల నుంచి చేతులు మారిన పత్రాలు), ఈసీ (ఆస్తి మీద వేరే బాకీలున్నాయో లేదో చూపే పత్రం) అన్నీ సక్రమంగా ఉండాలి. బ్యాంకు వాల్యుయేషన్ మీరనుకున్న మార్కెట్ ధర కంటే ఎప్పుడూ తక్కువే వస్తుంది. అక్కడ తగ్గిన మొత్తం కోసమే మన జిల్లాల్లో తల్లిదండ్రులు నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు చేస్తారు. ఏడాదికి 24 శాతం వడ్డీతో ఎవరి పిల్లా డాక్టరు కాకూడదని నా అభిప్రాయం. దాని ముందు ఏ జీతమూ నిలవదు.

రాయితీల మీద ఆశ పెట్టుకోకండి. చదువుకాలపు వడ్డీని కేంద్రం భరించే పాత పథకానికి కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి నాలుగున్నర లక్షలు. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో తనఖా లేని రుణం ఎంపిక చేసిన విద్యాసంస్థలకే పరిమితం. అందులోనూ మూడు శాతం వడ్డీ రాయితీ పది లక్షల దాకా ఉన్న రుణానికి, ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి మాత్రమే. ఉపాధ్యాయుడి జీతం రెండు గీతలనూ దాటేస్తుంది.

మీరు ఎలాగైనా అప్పే చేయదలిస్తే ఒక సలహా. చదువుకాలంలోనే నెలనెలా వడ్డీ కట్టేయండి. మొదటి ఏడాది నెలకు 10,800 దాకా అవుతుంది, ఐదో ఏడాదికి అది 54 వేలు దాటుతుంది. అలా కట్టినవారికి వడ్డీ రేటులో ఒక శాతం తగ్గింపు ఇచ్చే నిబంధన నమూనా పథకంలోనే ఉంది. బాకీ 65 లక్షల దగ్గరే ఆగుతుంది కనుక తర్వాతి నెలవాయిదా 70 వేల లోపు ఉంటుంది. అయితే ఐదో ఏడాదిలో మీ జీతంలో సగం కంటే ఎక్కువ దీనికే పోతుంది.

సమాధానం: డ్యూటీ రూమ్

మాస్టారు గారికి నమస్కారం. నేను బి కేటగిరీలోనే చదివాను, ప్రస్తుతం ఒక ప్రభుత్వ కళాశాలలో పీజీ రెండో సంవత్సరంలో ఉన్నాను. లెడ్జర్ గారు అప్పు వైపు లెక్క చెప్పారు, నేను రాబడి వైపు చెబుతాను.

హౌస్ సర్జన్‌కు ప్రభుత్వ కళాశాలల్లో నెలకు 20 వేల పైన 30 వేల లోపు స్టైపెండ్ వస్తుంది. ఆంధ్రలో కంటే తెలంగాణలో కొంత ఎక్కువ. ప్రైవేటు కాలేజీలు కూడా ఇవ్వాలని నిబంధన ఉంది. కానీ నేను చదివిన కాలేజీలో మా ఖాతాల్లో పడిన సొమ్మును ఏదో ఒక ఫీజు పేరుతో వెనక్కి కట్టించుకునేవారు. ఇలాంటి మాటలు ఇతర కాలేజీల పిల్లల నోటా విన్నాను. కాబట్టి ఆ సొమ్మును మీ లెక్కలో వేసుకోకండి.

హౌస్ సర్జన్సీ అయ్యాక, ఎంబీబీఎస్ పట్టాతోనే పనిచేస్తే ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా నెలకు 40 నుంచి 60 వేలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు మీద కూడా దాదాపు అంతే వస్తుంది. నెలవాయిదా లక్ష అయితే జీతం 55 వేలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాను ఎవరు కడతారన్నదే మీ ఇంట్లో అసలు చర్చ కావాలి. బంధువులు చూసే డాక్టరు వేరు. వాళ్ల దృష్టిలో ఉన్నది నలభై ఐదేళ్ల వయసులో, ఎండీయో ఎంఎస్సో చేసి, బస్టాండు ఎదురుగా నర్సింగ్ హోమ్ నడుపుతున్న వ్యక్తి. ఆయన సంపాదనతో ఇరవై నాలుగేళ్ల ఎంబీబీఎస్ పిల్ల అప్పును లెక్కగడుతున్నారు.

ఎంబీబీఎస్‌తో ఆగిపోయేవాళ్లు మా బ్యాచ్‌లో దాదాపు ఎవరూ లేరు. పీజీ కోసం నీట్ పీజీ రాయాలి. ఏ పనీ చేయకుండా ఏడాది, రెండేళ్లు కూర్చుని చదివేవాళ్లే ఎక్కువ. సరిగ్గా ఆ సమయంలోనే బ్యాంకు ఇచ్చిన ఏడాది గడువు ముగుస్తుంది. వాయిదాల కోసం రాత్రి డ్యూటీలకు వెళితే చదువు సాగదు, చదువుకు కూర్చుంటే వాయిదా సాగదు. నాకు ప్రభుత్వ సీటు రావడం వల్ల స్టైపెండ్‌తో కొంత ఊపిరి పీల్చుకున్నాను. నాతో చదివిన కొందరు క్లినికల్ పీజీని, అంటే నేరుగా రోగులను చూసే విభాగాల సీటును, మళ్లీ మేనేజ్‌మెంట్ కోటాలో, మళ్లీ లక్షలు పోసి తీసుకున్నారు. వాళ్ల ఇళ్లలో మొదటి అప్పు తీరకముందే రెండోది మొదలైంది. పీజీకి రెండో రుణం తీసుకుంటే మొదటి దాని వాయిదాలు కూడా ఆ చదువు అయ్యేదాకా వాయిదా వేయించుకునే వీలుంటుంది. కానీ 65 లక్షల మీద పది శాతం చొప్పున మూడేళ్లకు మరో పంతొమ్మిదిన్నర లక్షలు చేరుతుందని మరిచిపోకూడదు.

కాబట్టి ఎంబీబీఎస్ కోసం చేసే అప్పును ఎంబీబీఎస్ జీతంతో తీర్చడం సాధ్యం కాదు. పీజీ కూడా కలిపి పదేళ్ల ప్రణాళిక ఉంటేనే, ఆ పదేళ్లూ పిల్ల సంపాదన లేకుండా ఇల్లు నడవగలిగితేనే ఈ సీటు తీసుకోవాలి. మా నాన్నగారు ఊళ్లో పొలం అమ్మారు కనుక నాకు బ్యాంకు అప్పు తక్కువ. అప్పు లేని స్నేహితులు తమకు నచ్చిన విభాగం కోసం మరో ఏడాది ఆగగలిగారు. బాకీ ఉన్నవాళ్లు దొరికిన సీటులో చేరిపోయారు.

మీ అమ్మాయి మార్కులు కన్వీనర్ కటాఫ్‌కు ఎంత దూరంలో ఉన్నాయో మీరు రాయలేదు. దగ్గరలో ఉంటే లాంగ్ టర్మ్ ఆలోచించదగినదే. నీట్‌ను ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి ప్రస్తుతం లేదు. ఒక ఏడాది కోచింగ్ ఖర్చు బి కేటగిరీలో రెండు మూడు నెలల ఫీజుకు మించదు. అయితే అమ్మాయిని అడిగి నిర్ణయించండి, ఎందుకంటే లాంగ్ టర్మ్ హాస్టళ్లలో ఇష్టం లేకుండా గడిపే ఏడాది చాలా బరువైనది.

సమాధానం: దవావో నుంచి వచ్చి

విదేశీ చదువు గురించి మాస్టారు అడిగినది నాకు వర్తిస్తుంది కాబట్టి రాస్తున్నాను. ఫిలిప్పీన్స్‌లోని దవావోలో చదివాను. అక్కడ మా తరగతుల్లో తెలుగువాళ్లే గుంపులుగా ఉండేవారు, తెలుగు భోజనం పెట్టే మెస్సులు కూడా ఉన్నాయి.

కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే 30 లక్షలు అబద్ధం కాకపోవచ్చు, కానీ అది మొదటి రోజు లెక్క. ఫీజు డాలర్లలో ఉంటుంది. 2018లో డాలరు 70 రూపాయల అటూ ఇటూ ఉండేది, 2025కు 85 దాటింది. మనం రూపాయల్లో చేసిన అప్పుకు ఏటా కొంత తరుగు పడుతూనే ఉంటుంది. విద్యారుణంలో విదేశాలకు 15 శాతం సొమ్ము మనమే పెట్టుకోవాలి, అదే దేశంలో చదువుకైతే ఐదు శాతం.

దానికంటే పెద్ద విషయం నిబంధనలు. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం, ఆ తర్వాత చేరినవారి కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఆంగ్ల మాధ్యమంలో సాగాలి, అదే సంస్థలో పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి, ఆ దేశంలో వైద్యం చేసుకునే అర్హత రావాలి. ఆ పైన ఇక్కడికి వచ్చి అర్హత పరీక్ష నెగ్గి, మళ్లీ పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఫిలిప్పీన్స్‌లో అసలు వైద్య కోర్సు నాలుగేళ్లే. దానికి ముందు చదివే బీఎస్ కోర్సును కమిషన్ లెక్కలోకి తీసుకోదు. అందుకే ఆ దారి మా తర్వాతివారికి దాదాపు మూసుకుపోయింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో చదువు మధ్యలో ఆగిన పిల్లల సంగతి అందరికీ తెలిసిందే.

అర్హత పరీక్షలో 300కు 150 మార్కులు రావాలి. ఇటీవలి సంవత్సరాల్లో, విడతను బట్టి, రాసినవారిలో పదిమందికి ఒకరి నుంచి ముగ్గురి దాకా మాత్రమే నెగ్గుతున్నారు. మాస్టారు పోల్చి చూడవలసింది ఇక్కడే: 65 లక్షల సీటులో చేరిన పిల్ల డాక్టరయ్యే అవకాశం చాలా ఎక్కువ, 30 లక్షల సీటులో చేరిన పిల్ల పట్టా పుచ్చుకుని కూడా పరీక్ష దగ్గర ఆగిపోవచ్చు. ఆ పరీక్ష కోసం హైదరాబాదులో గదులు తీసుకుని ఏళ్ల తరబడి కోచింగ్‌కు వెళ్లేవాళ్ల ఖర్చు ఏ కన్సల్టెన్సీ కరపత్రంలోనూ కనబడదు. నేను నెగ్గాను, ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. అయినా నా చెల్లెలికి మాత్రం ఈ దారి చెప్పలేదు.

ప్రశ్నకర్త: పల్నాటి మాస్టారు

ముగ్గురికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఈ సమాధానాలన్నీ ఇంట్లో చదివి వినిపించాను. అమ్మాయి మార్కులు మా విభాగంలో నిరుటి కన్వీనర్ కటాఫ్‌కు ముప్పై మార్కుల దూరంలో ఉన్నాయి. లాంగ్ టర్మ్‌కు తానే ముందుగా ఒప్పుకుంది. వాళ్లమ్మకు మాత్రం చేతికి అందిన సీటు వదులుకోవడం ఇష్టం లేదు. విదేశాల మాట ఇక ఎత్తబోము.

రెండు సందేహాలు మిగిలాయి. బి కేటగిరీలో చేరేటప్పుడు మొదటి ఏడాది ఫీజుతో పాటు మిగిలిన ఏళ్లకు బ్యాంకు గ్యారంటీ (మేం కట్టకపోతే తానే కడతానని బ్యాంకు ఇచ్చే హామీ) అడుగుతారని విన్నాను, అది చట్టబద్ధమేనా? చదువు మధ్యలో ప్రభుత్వం ఫీజు పెంచితే మేమేం చేయాలి?

సమాధానం: పాత లెడ్జర్

మాస్టారూ, 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, కాలేజీ ముందుగా ఒక ఏడాది ఫీజు మాత్రమే తీసుకోవాలి. విద్యార్థి మధ్యలో మానేస్తాడన్న అనుమానం ఉంటే, మిగిలిన ఫీజుకు బాండు లేదా బ్యాంకు గ్యారంటీ అడగవచ్చు. కనుక గ్యారంటీ అడగడం తప్పు కాదు, రెండో ఏడాది ఫీజు కూడా ఇప్పుడే కట్టమనడం తప్పు. అయితే గ్యారంటీ ఉచితంగా రాదు. బ్యాంకు దానికి కమిషన్ తీసుకుంటుంది, ఫిక్స్‌డ్ డిపాజిట్‌నో ఆస్తినో పూచీగా పెట్టమంటుంది. మీ ఇంటిని గ్యారంటీకి పెడితే అదే ఇంటి మీద విద్యారుణం పూర్తిగా పుట్టదు. ఈ చిక్కు చాలామందికి చేరే రోజున కాలేజీ కౌంటరు దగ్గర తెలుస్తుంది. కాబట్టి కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టే ముందే కాలేజీని అడిగి, బాండుతో సరిపెడతారా, గ్యారంటీయే కావాలా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఫీజు పెంపు గురించి. మన రాష్ట్రంలో 2017లో ప్రభుత్వ ఉత్తర్వుతో ఎంబీబీఎస్ ఫీజును ఏడాదికి 24 లక్షలకు పెంచారు. హైకోర్టు దానిని కొట్టివేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే సమర్థిస్తూ, చదువు లాభార్జనకు వ్యాపారం కాదని చెప్పి, అదనంగా వసూలు చేసిన సొమ్ము వెనక్కి ఇవ్వాలన్న ఆదేశాన్ని నిలబెట్టింది. అది తేలడానికి ఐదేళ్లు పట్టింది, ఈలోగా పిల్లల చదువులు అయిపోయాయి. కట్టిన ప్రతి రూపాయికీ కాలేజీ పేరుతో రశీదు ఉన్నవాళ్లకే అలాంటి తీర్పు ఉపయోగపడుతుంది. ప్రభుత్వం నిర్ణయించిన ఫీజుకు మించి తీసుకోవడం 1983 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం కింద నేరం. నగదుగా అడిగితే ఇవ్వకండి.

ఆదాయపు పన్ను గురించి కూడా ఒక మాట. విద్యారుణ వడ్డీకి మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే దొరుకుతుంది, అదీ వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్లే. చదువుకాలంలోనే వడ్డీ కట్టడం మొదలుపెడితే ఆ ఎనిమిదేళ్ల లెక్క అప్పుడే మొదలవుతుంది. మీకు జీతం ఉన్న కాలంలో వాడుకుంటే అది మంచిదే, కానీ అమ్మాయి పెద్ద జీతం అందుకునే నాటికి మినహాయింపు మిగలదు. బయట చేసిన రెండు రూపాయల వడ్డీ అప్పుకు ఇది వర్తించదు.

ముప్పై మార్కుల దూరమే అంటున్నారు కనుక, నేనైతే లాంగ్ టర్మ్‌కే మొగ్గుతాను. అమ్మగారికి ఇంకా సందేహం ఉంటే, ఇంటి దస్తావేజులు తీసుకుని మీ జీతం ఖాతా ఉన్న బ్రాంచికి ఇద్దరూ కలిసి వెళ్లి, ఈ ఇంటి మీద ఎంత రుణం పుడుతుందో కౌన్సెలింగ్ మొదటి విడతకు ముందే మేనేజరు చేత కాగితం మీద రాయించుకోండి. 65 లక్షలకు అది ఎంత తక్కువ పడుతుందో, ఆ తేడా ఎక్కడి నుంచి తేవాలో అప్పుడు ఇద్దరికీ కనిపిస్తుంది.